తీరిక వేళ: కుప్ప పైనుంచి తీసిన నమూనా



బీజాపూర్‌కు తూర్పున బైలదిల్లా కొండలున్నాయి. అక్కడి ఇనుప ఖనిజం 1960వ దశకం చివరి నుండి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకు, అక్కడి నుండి ఓడలలో జపానుకు తరలివెళ్ళిన సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. ఆ జపాను నుండి మన ఇళ్ళకు వచ్చిన ఒక సరుకును గురించి ఈ నెల ముచ్చటించుకుందాం. అదే ‘యానిమే’ అని పిలువబడే బొమ్మల చలనచిత్రం.

ఇది మనకు కొత్తదేమీ కాదు. 1993లో దూరదర్శన్ హిందీలో ప్రసారం చేసిన మోగ్లీ కథ, ‘జంగిల్ బుక్’, జపానులోని నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో నిర్మించినది. కథాస్థలం మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవులు కావడంతో, అది మనవారు తీసినదేనని నేను చాలాకాలం భ్రమపడ్డాను. యూగో సాకో, మన రామ్ మోహన్ తదితరులు కలిసి రూపొందించిన రామాయణ చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా విడుదలయింది.

మా అమ్మాయి విశాఖలో చదువుకుంటున్నది. నేనిక్కడ, తల్లీకూతుళ్ళు అక్కడ. ఫోనులో “భోజనమయిందా? చదువెలా ఉంది?” అన్న రెండు ప్రశ్నలతో మా సంభాషణ ముగిసిపోయేది. ఒకనాడు తానే, “నాన్నగారూ, మార్కులు ఎక్కువ వచ్చిన యానిమేలన్నీ చూసేశాను. ఇంక చూడదగ్గవేమీ లేవు” అన్నది.

ఖనిజ నమూనాల పనితో ఉద్యోగం ప్రారంభించినవాడిని కనుక నాకు వెంటనే ఒక విషయం స్ఫురించింది. ఖనిజాన్ని కుప్పగా పోసినప్పుడు పెద్ద రాళ్ళు అంచులకు దొర్లిపోతాయి. పొడి నడుమ నిలుస్తుంది. ఒక్క శిఖరం మీద తీసిన గుప్పెడుతో కుప్పంతటికీ విలువ కట్టరాదు. “మార్కుల పట్టిక కూడా అటువంటిదే తల్లీ” అన్నాను.

కారణం సులభం. ఒక కథ మొదటి భాగం నచ్చనివారు అక్కడితోనే ఆగిపోతారు. రెండవ, మూడవ భాగాలు చూచేవారందరూ దాదాపు అభిమానులే. అందుచేత తరువాతి భాగాలకు మార్కులు సహజంగానే పెరుగుతాయి. పట్టికలో పైన ఒకే కథ పలుమార్లు కనబడటానికి ఇదొక ముఖ్య కారణం. నిదానంగా సాగే మంచి కథ వాటి వెనుక మరుగున పడుతుంది.

మరి వెదికే మార్గమేది? మొదటిది, మార్కులను వదిలి మనిషి పేరును పట్టుకోవడం. ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ చూచి కంటతడి పెట్టినవారు దాని దర్శకుడు ఇసావో తకహతా 1991లో తీసిన ‘ఓన్లీ యస్టర్‌డే’ చూడవచ్చు. టోక్యోలో ఉద్యోగం చేసే ఇరవైయేడేళ్ళ యువతి సెలవు పెట్టి, పల్లెకు వెళ్ళి కుసుమ పూలు కోస్తూ తన బాల్యాన్ని నెమరువేసుకుంటుంది. అంతే కథ.

రెండవది, మన జీవితానికి దగ్గరైన విషయాన్ని ఎంచుకోవడం. అడవి నడుమ ఉన్న మాకు ‘ముషిషి’ ఎంతో నచ్చింది. 2005లో మొదలైన ఈ ధారావాహికలో గింకో అనే సంచారి ఊరూరా తిరుగుతూ, కంటికి కానరాని ప్రాణుల వల్ల కలిగే బాధలకు ఉపాయం చూస్తాడు. ఆ ప్రాణులను శత్రువులుగా ఎంచడు. ఏ భాగానికి ఆ భాగమే పూర్తి కథ.

మూడవది, కనీసం మూడు భాగాలు చూడనిదే తీర్పు చెప్పకపోవడం. ఈ నియమం పెట్టుకుని మేమిద్దరం, తాను అక్కడ, నేనిక్కడ, ప్రతి ఆదివారం ‘ప్లానెటెస్’ చూశాం. 2003లో మొదలై 26 భాగాలు సాగిన కథ. 2075వ సంవత్సరంలో అంతరిక్షంలోని చెత్తను ఏరివేసే సిబ్బంది గురించినది. ఒక పెద్ద సంస్థలో వారిది చిన్నచూపుకు గురైన విభాగం. మనుషులు తక్కువ, ఖర్చుకు డబ్బు తక్కువ. అయినా వారు ఏరకుండా వదిలిన చిన్న మర ఒకటి చాలు, ఒక నౌకలోని ప్రాణాలు తీయడానికి.

అయిదవ భాగం ముగిసిన రాత్రి అమ్మాయి ఫోను చేసింది. “నాన్నగారూ, మీ నిర్వహణ విభాగం కూడా ఇలాంటిదేనా? మీరు పని సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియదు కదూ?”

ఇరవయ్యేళ్ళలో నా ఉద్యోగం గురించి తాను అడిగిన మొదటి ప్రశ్న అది. సమాధానం చెప్పేసరికి గంట గడిచింది. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. రెండుసార్లూ తానే మళ్ళీ చేసింది.

“బొమ్మల సినిమాలకు వయసు దాటిపోయింది” అనుకునే తోటి ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవు రోజున మీ పిల్లలు చూస్తున్నది ఏమిటో అడగండి. పట్టిక అడుగునుండి ఒక పేరు మీరు సూచించండి. కలిసి చూడండి. తరువాత వారేమి అడుగుతారో వినడానికి కాస్త తీరిక అట్టే పెట్టుకోండి.

వచ్చే నెల మరో విషయంతో కలుసుకుందాం. శుభం.