మండువా ఇంటి కొయ్యపని

మండువా లోగిలి కోస్తా తెలుగునాట కలిగినవారి ఇల్లు. ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా వదిలిన జాగా మండువా. నాలుగు వైపుల కప్పూ దానిలోకే వాలుతుంది. వాననీరు అందులో పడి తూము గుండా బయటికి పోతుంది. బయటి గోడలు ఇటుకవైనా మట్టివైనా, మండువా చుట్టూ కప్పు బరువు మోసేది కొయ్యే. టేకు స్తంభాలను నేలలో పాతరు, రాతి దిమ్మల మీద నిలుపుతారు. తేమకీ చెదలకీ అంత తేలిగ్గా అందవు. వాటి మీద దూలాలు, ఆపైన వాసాలు, పెంకులు. ఒక కొయ్య చివర చెక్కిన నాలుక మరో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దిగి బిగుసుకుంటుంది. మేకుల మీద ఆధారపడని ఈ అతుకుల వల్ల పాడైన దూలాన్ని విప్పి, కొత్తది ఎక్కించవచ్చు. డెల్టాకు ఇంత టేకు రావడానికి కారణం గోదావరి. మన్యం కలప తెప్పలుగా రాజమండ్రి చేరేది.

ఇలాంటి కొయ్యపనిని కాపాడుకున్న చోట్లు వేరేచోటా ఉన్నాయి. ఫ్రాన్సులో స్ట్రాస్‌బుర్గ్ నగరంలోని కామెర్‌త్సెల్ ఇల్లు 1427 నాటిది. దాని చెక్కడపు కొయ్య అంతస్తులను 1589లో ఒక జున్ను వర్తకుడు కట్టించాడు. ఫ్రాన్సు దాన్ని 1929 నుంచి చారిత్రక కట్టడంగా కాపాడుతున్నది. తెలుగునాట విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. అది న్యాయమే. కానీ మహనీయులెవరూ నివసించని ఇంటిని కాపాడటానికి, దాన్ని నిలబెట్టిన వడ్రంగి పనితనం ఒక్కటే చాలదా? చాలాలి.

పంపకాలు, మరమ్మతు ఖర్చు, పాత టేకుకున్న ధర ఈ ఇళ్లను కూలుస్తున్నాయి. స్తంభాలు నగరాల్లో అలంకారాలవుతాయి. ఏ దూలం ఏ స్తంభం మీద ఎలా కూర్చుందో తెలిసే వీలు అక్కడితో పోతుంది. చట్టం తోడూ నిలకడగా లేదు: హైదరాబాద్ వారసత్వ కట్టడాలకు 1995లో వచ్చిన 13వ నిబంధనను 2015లో తొలగించారు, 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మరో దారి చూపింది. అక్కడ దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి కట్టారు. తెలుగు ఇళ్లకూ చోటిచ్చారు.

ఈ ఇళ్లను నమోదు చేసే పనిలో హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు ప్రత్యేకమైన పాత్ర ఉంది. 1989లో రామానాయుడు స్టూడియో వెలసిన ఈ కొండల మీది సినీ పరిశ్రమ పల్లెటూరి ఇంటిని ప్లైవుడ్‌తో, ప్లాస్టర్‌తో ఎన్నోసార్లు కట్టింది. 2018 నాటి ‘రంగస్థలం’ సినిమా కోసం కళా దర్శకులు రామకృష్ణ, మౌనిక హైదరాబాద్‌లో ఊరినే నిలబెట్టారు. చిత్రీకరణ ముగిశాక సెట్టు పోతుంది. అసలు ఇంటిని చూసి గీసిన కొలతలు, తీసిన ఫొటోలు మాత్రం పోకూడదు. కళాశాఖల దగ్గరున్న అలాంటి గీతలను విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి సంస్థలకు అందజేయాలి. చిత్రీకరణకు తీసుకున్న ప్రతి మండువా ఇంటినీ, చిత్ర బృందం అక్కడి నుంచి కదిలేలోగా, కొలిచి నమోదు చేయాలి.