మూసయు పనితనమును

పలకపై గురువు వ్రాసిన ఓనమాలను బిడ్డ దిద్దును. అది దొంగతనమని యెవరును అనరు. కాని యేండ్లు గడచినను దిద్దుటయే పనిగా నున్నచో, ఆ బిడ్డకు వ్రాత వచ్చినదనియు నెవరును అనరు. వెబ్‌సైట్లు రూపొందించుట క్రొత్తగా నేర్చుకొను యువకులకు సిద్ధముగా దొరకు మూసల విషయమును ఇట్టిదే.

మూస యను మాట స్వర్ణకారులది; లోహము కరగించు పాత్రకు ఆ పేరు. వెబ్‌సైటు పనిలో మూస యనగా పుటల యమరిక, రంగులు, అక్షరముల పరిమాణము ముందే నిర్ణయించి యుంచిన చట్రము. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాధనములకు ఇట్టి మూసలు వేలకొలది కలవు. పెక్కింటికి వెల లేదు. మాటలును బొమ్మలును మార్చినచో ఒక్క పూటలో పని ముగియును. ఇది సిగ్గుపడవలసిన పని యని కొందరందురు. ఆ మాట సరికాదు. నగల పని నేర్చువాడును మొదట పెద్దల అచ్చులనే వాడును.

అయినను మూస యెవరి యవసరమును ఎఱుగదు. కడప జిల్లాలోని మూడు ఊళ్లను చూడుడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుపొందినది. నగలు కొనువాడు ముందుగా నాటి ధర చూడగోరును. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్నానది లోయ యంచున గండికోట కలదు. అచటికి వచ్చు యాత్రికునకు దారియు బసయు తెలియవలెను. పులివెందుల ప్రాంతమున అరటి, చీనీ తోటలు మెండు. రైతునకు కాయ కొను వర్తకుని చిరునామాయు టన్ను ధరయు కావలెను. ఈ మూడింటికిని ఒకే మూసను తొడిగినచో, పెద్ద ఛాయాచిత్రము వెనుక కావలసిన మాట దాగిపోవును. తోటలో నిలిచి సెల్‌ఫోనులో చూచు రైతునకు, ఆ చిత్రము తెరపైకి వచ్చులోపల ఓర్పు నశించును.

మఱియొక చిక్కు మన లిపిది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునుండియే తెలుగునకు స్థానము కలదు. కాని పెక్కు మూసలు రోమను అక్షరములను దృష్టియందుంచుకొని చేసినవి. ఆ యక్షరములకు వత్తులు లేవు. పంక్తుల నడుమ ఎడము చాలనిచో “రాష్ట్రము” వంటి మాటల వత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. ఆ యెడమును ఎచట పెంచవలెనో తెలియుటకు మూసను విప్పి, లోపలి సి.ఎస్.ఎస్. ఆదేశములను చదువవలెను. అట్లు చదివిన నాడే విద్య మొదలగును. చదువనివాడు నమూనాగా నుంచిన లాటిను వాక్యములను సైతము తొలగింపక విడుచును.

మూస వెంట వచ్చు అనుమతిపత్రమును చదువుటయు ధర్మమే. కొన్నిటిని స్వేచ్ఛగా మార్చుకొనవచ్చును; కొన్నిటిలో కర్త పేరు నిలుపవలెను. పరుల చట్రమును స్వకల్పనమని చెప్పి సొమ్ము గొనుట మోసము. “ఇది మూస, మీ పనికి తగినట్లు దీనిని మలచితిని” అని చెప్పి, మలచిన శ్రమకు ప్రతిఫలము గొనుట న్యాయము.

కావున క్రొత్తవాడు మూసను నిరభ్యంతరముగా వాడవచ్చును. మొదటిదానికి రంగులు మార్చి, రెండవదానిని విప్పి చూచి, మూడవనాటికి తన చట్రమును తానే గీసికొనవలెను. దిద్దిన చేయి యొకనాడు వ్రాయవలెను గదా!