రఫ్తార్ కన్నా భరోసా

మొన్న ఒక దోస్త్ ఫోన్ చేసి, "భాయ్, ఇంట్ల కంప్యూటర్‌కు సస్తాల ఒక ఎస్‌ఎస్‌డీ కావాలె. ఏది తీసుకోవాల్నో ఒక్క ముక్కల చెప్పు" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పడం నాతో కాలేదు. ఈ సౌదాలో నేను ఒకసారి నుక్సాన్ అయినవాణ్ణి. ఆ హిసాబ్ చెప్పకుండా సలహా ఇస్తే అది దుకాణ్‌దారు మాటే అవుతుంది.

మా ఇంట్లో కంప్యూటర్ 2018లో కొన్నది. అప్పటి హార్డ్ డిస్క్. స్విచ్ వేసి, చాయ్ పెట్టుకొని, తాగి, ప్యాలీ కడిగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా తక్కువ ధర చూసి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ తెప్పించాను. ఆ కంపెనీ పేరు అంతకు ముందు వినలేదు, తరవాతా వినలేదు. పెట్టిన రోజు మాత్రం ఇల్లంతా ఖుషీ. చాయ్ మరిగేలోపే కంప్యూటర్ తయార్!

ఎనిమిది నెలలు నడిచింది. ఒక పొద్దున స్విచ్ వేస్తే డిస్కే లేదంది. హార్డ్ డిస్క్ చచ్చే ముందు చాలాసార్లు టక్ టక్ మని మూలుగుతుంది, మనిషికి ఇషారా ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ సలాం కూడా చెప్పకుండా పోతుంది.

అందులో నా పాత వ్యాసాలు, అను ఫాంట్లలో కొట్టినవి, పోయాయి. వాటి గమ్ పెద్దగా లేదు, పత్రికల్లో అచ్చయినవే. పోయింది అబ్బా గొంతు. అబ్బా కాతిబ్. ఉర్దూ అఖ్బార్లు చేత్తో రాసి అచ్చు వేసే కాలంలో ముప్పై ఏళ్లు కితాబత్ చేసినవాడు. 1990లలో ఇన్‌పేజ్ వచ్చాక మెల్లమెల్లగా ఆ హునర్‌కి పని లేకుండా పోయింది. కలం ఎట్లా చెక్కాలి, సియాహీ ఎట్లా కలపాలి, రాత్రి పన్నెండింటికి ఖబర్ మారితే ఆ కాలమ్ ఎట్లా సర్దాలి, ఇవన్నీ మూడు గంటలు నా ఫోన్‌లో రికార్డ్ చేశాను. కంప్యూటర్‌లో వేసుకున్నాను కదా అని ఫోన్‌లోంచి తీసేశాను. రోజీ తీసుకున్నది కంప్యూటర్, ఆ కహానీనీ అదే మింగింది. అబ్బాకు చెప్తే నవ్వాడు. "మళ్ల చెప్తలే బేటా, కానీ అవే మాటలు రావు" అన్నాడు.

రెండోసారి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి పోయాను. కౌంటర్ మీద పిల్లవాడు డబ్బా చూపించి, "సాబ్, యే లేలో, సెకనుకు 7000 ఎంబీ" అన్నాడు. ఎం.2 గాడిలో పెట్టే ఎన్‌వీఎంఈ రకం. మా బోర్డు మీద ఆ గాడే లేదు! కొనేముందు ఇంట్లో డబ్బా విప్పి చూడండి. గాడి ఉన్నా అది సాటా రకానిదా, ఎన్‌వీఎంఈదా బోర్డు పుస్తకంలో చూడండి, రెండూ చూడ్డానికి ఒకటే తీరు. ఎన్‌వీఎంఈ పడితే ఖర్చులో పెద్ద ఫరక్ ఉండదు కాబట్టి అదే తీసుకోండి. కానీ 7000 కోసం పైసలు పోయకండి. పెద్ద పెద్ద ఫైళ్లు ఒకేసారి పారేటప్పటి లెక్క అది. ఇంటి పని చిన్న చిన్న ఫైళ్లది. హార్డ్ డిస్క్ ఒక ఫైలు వెతకడానికి పది మిల్లీసెకన్ల దాకా తీసుకుంటే, ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. మనకు తెలిసే హాయి అదే, సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోయే సాటాలోనూ అది దొరుకుతుంది.

ఇక చూడాల్సింది లోపలి మాల్. ఒక కమ్రాలో ముగ్గురు పడుకోవడం వేరు, నలుగురు వేరు. టీఎల్‌సీలో ఒక్కో గదికి మూడు బిట్లు, క్యూఎల్‌సీలో నాలుగు. రెండోది సస్తా, కానీ పెద్ద ఫైళ్లు ఎక్కించేటప్పుడు క్యాష్ నిండిపోయిందంటే హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిగా రాసే రకాలూ ఉన్నాయి. సస్తా డబ్బాల మీద ఈ సంగతి చాలాసార్లు ఉండదు. పేరున్న కంపెనీలూ పాక్‌సాఫ్ కాదు: 2021లో క్రూషియల్ పీ2 అదే పేరుతో టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీకి మారిపోయింది. అందుకే పాత రివ్యూని గుడ్డిగా నమ్మకండి. సాటాలో అయితే డీర్యామ్ ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి. ఎన్‌వీఎంఈకి కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అప్పు తీసుకునే తరీఖా ఉంది, సాటాకు లేదు.

అరిగిపోతుందేమో అని చాలామంది ఫికర్ చేస్తారు. సామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ రాసిచ్చిన హద్దు 300 టెరాబైట్లు. రోజుకు 20 జీబీ రాసినా నలభై ఏళ్లు. అంతకాలం మనమూ ఉండం. చచ్చేది ఎక్కువగా కంట్రోలర్ చిప్పు పాడై. అది ఏ లెక్కలోనూ ముందు కనబడదు. వారంటీ అంటే కొత్త డ్రైవ్ ఇస్తారు, అంతే. అబ్బా గొంతు ఇవ్వరు.

అక్కడే వెనక గల్లీలో రిపేర్ చేసే ఒక ఉస్తాద్ ఉన్నాడు. నా బడ్జెట్ అడగలేదు, రఫ్తార్ అడగలేదు. "ఇండ్ల ఏం పెడ్తరు సాబ్?" అన్నాడు. చెప్పాను. "అయితే ఒకటి కాదు, రెండు జాగాల పెట్టుండ్రి" అన్నాడు. పేరున్న కంపెనీ 500 జీబీ సాటా, టీఎల్‌సీ, ఐదేళ్ల వారంటీ, పక్కా బిల్లు. వెయ్యి రూపాయలు ఎక్కువైంది. పాత హార్డ్ డిస్క్ పారేయకుండా బయటి కేసులో పెట్టించుకున్నాను. నెలకోసారి కాపీ చేసి బీరువాలో పెడతాను. బీరువాకు హార్డ్ డిస్కే మేలు, కరెంటు లేకుండా ఏళ్లకేళ్లు పడుండే పని ఎస్‌ఎస్‌డీది కాదు.

కాబట్టి దోస్త్‌కు నా జవాబు: పైసలు తక్కువుంటే సైజు తగ్గించు, పేరు తగ్గించకు. 7000 కోసం పోసే పైసలతో రెండో జాగా చూసుకో. నువ్వు సినిమాలే పెట్టుకుంటావా, నీ ఇష్టమున్నది కొను, ఏం ఫరక్ పడదు.

అబ్బా వచ్చే ఇత్వార్ మళ్లీ చెప్తానన్నాడు. ఈమధ్య ఒక్కో పేరు యాదికి రావడం లేదు ఆయనకు. ఫోన్ ఖాళీ చేసి చార్జింగ్ పెట్టాను.