దత్తపుత్రులు రెండో రకం పిల్లలా?

పిల్లలు లేని దంపతులు ఒక పసిబిడ్డను దత్తత తెచ్చుకుని ఆదివారం ఆరాధనలో ప్రతిష్ఠ చేయిస్తే సంఘమంతా సంతోషిస్తుంది. పాస్టరుగారు బిడ్డను ఎత్తుకుని ప్రార్థన చేస్తారు, మిఠాయిలు పంచుతారు. ఆరాధన ముగిసి అందరూ చర్చి బయటికి వచ్చాక వేరే మాటలు మొదలవుతాయి. ఎవరి బిడ్డో? ఏ కులమో? ఎంత పెంచినా సొంత రక్తం అవుతుందా? ఇలా అడిగేవారు అవిశ్వాసులు కారు. అరగంట క్రితం ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవుణ్ణి తండ్రీ అని పిలిచినవారే.

ఆ పిలుపు వారికెలా వచ్చింది? రక్తసంబంధం వల్ల కాదు, దత్తత వల్ల. మనం దాస్యపు ఆత్మను కాదు, దత్తపుత్రాత్మను పొందామనీ, ఆ ఆత్మ వల్లనే దేవుణ్ణి 'అబ్బా' అని పిలుస్తున్నామనీ అపొస్తలుడైన పౌలు బోధిస్తాడు (రోమా 8:15). దేవునికి స్వభావరీత్యా కుమారుడు ఒక్కడే, యేసుక్రీస్తు. మిగిలినవాళ్లమంతా ఆయనను బట్టి ఇంట్లోకి తెచ్చుకోబడినవాళ్లమే. ఈ సంగతి తెలిసిన విశ్వాసి నోట 'పెంపుడు బిడ్డ' అన్న మాట చులకనగా ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

కొత్త నిబంధన రచయితల్లో దత్తతకు వాడే గ్రీకు మాట 'హుయొథెసియ'ను ఉపయోగించింది పౌలు ఒక్కడే. రోమా పత్రికలో మూడుసార్లు, గలతీ, ఎఫెసీ పత్రికల్లో ఒక్కోసారి అది కనిపిస్తుంది. ఆ మాట వినగానే ఆనాటి రోమీయులకు జాలి కలిగేది కాదు, రాజభవనం గుర్తొచ్చేది. యేసు పుట్టిన కాలంలో ఏలిన కైసరు ఔగుస్తు, జూలియస్ సీజరు తన వీలునామాలో కుమారునిగా స్వీకరించిన వ్యక్తి. యేసు సిలువ వేయబడిన కాలంలో ఏలిన తిబెరి కైసరును ఔగుస్తు క్రీ.శ. 4లో దత్తత తీసుకున్నాడు. పౌలు రోమా పత్రిక రాసిన క్రీ.శ. 57 ప్రాంతంలో సింహాసనం మీద ఉన్న నీరో, క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 50లో దత్తత తీసుకున్నవాడు. క్లౌదియకు బ్రిటానికస్ అనే కన్నకొడుకు ఉన్నా రాజ్యం దత్తపుత్రునికే దక్కింది. కాబట్టి మనం దేవుని వారసులం, క్రీస్తుతోడి వారసులం అని పౌలు రాస్తే (రోమా 8:17) దాని బరువు రోమా విశ్వాసులకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వారిలో చాలామంది బానిసలు. ఆస్తి సంగతి అటుంచి, తమ పిల్లల మీద కూడా చట్టరీత్యా హక్కు లేనివారు.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. రోమా చట్టంలో కన్నకొడుకును వదులుకోవచ్చు గానీ దత్తపుత్రుణ్ణి వదులుకోకూడదని మన ప్రసంగాల్లో తరచుగా వింటుంటాం. వినడానికి బావున్నా ఈ మాట చరిత్రకు నిలవదు. తిబెరితో పాటే అదే ఏడాది దత్తత తీసుకున్న సొంత మనవడు అగ్రిప్పను ఔగుస్తు కొన్నేళ్లకే వదులుకుని దీవికి పంపేశాడు. మన దత్తత స్థిరంగా ఉండేది రోమా చట్టం గొప్పతనం వల్ల కాదు, దత్తత తీసుకున్న తండ్రి ఎలాంటివాడో దానివల్ల. జగత్తు పునాదికి ముందే ఆయన ఇష్టపూర్వకంగా నిర్ణయించుకున్నాడని ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం చెబుతోంది.

యోహాను దారి వేరు. ఆయన దత్తత అన్న మాటే వాడడు, జన్మ గురించే మాట్లాడతాడు. రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చిన నీకొదేముకు పుట్టుకలో ఏ లోటూ లేదు. అబ్రాహాము సంతానం, పరిసయ్యుడు, యూదుల అధికారి. అలాంటివానితో క్రొత్తగా పుట్టాలని ప్రభువు చెప్పాడు (యోహాను 3:3). అక్కడ వాడిన గ్రీకు మాట 'అనోథెన్'కు 'మళ్లీ' అనీ, 'పైనుండి' అనీ రెండు అర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థమే పట్టుకుని తల్లి గర్భం దగ్గర ఆగిపోయాడు. తెలుగులో మనకూ ఇలాంటి చిక్కే ఉంది. పునర్జన్మ అంటే చనిపోయి ఇంకో శరీరంలో పుట్టడమని చుట్టుపక్కలవారు అనుకుంటారు. తీతు పత్రికలో మన బైబిలు ఆ మాటే వాడినా, సువార్త చెప్పేటప్పుడు 'నూతన జన్మ' అంటేనే మంచిది.

ఇంతకీ దత్తతా, జన్మా? రెండూ అవసరమే. లోకంలో దత్తత తీసుకున్న తండ్రి తన ఇంటిపేరు ఇస్తాడు, ఆస్తి ఇస్తాడు, ప్రేమ ఇస్తాడు. తన పోలికలు మాత్రం ఇవ్వలేడు. దేవుడు హక్కు ఇచ్చి ఊరుకోలేదు, తన ఆత్మను లోపల ఉంచి తన పోలికలు కూడా ఇస్తున్నాడు. యోహాను మొదటి అధ్యాయంలో (1:12-13) దేవుని పిల్లలయ్యే అధికారం, దేవుని వలన పుట్టడం పక్కపక్కనే ఉన్నాయి. రక్తం వల్ల కాదన్న మాటా అక్కడే ఉంది. రక్షణ పొందిన తేదీ, సమయం సాక్ష్యంలో గట్టిగా చెప్పేవారు ఆ మాటను కూడా చదవాలి.

మన దేశంలో దత్తత వెళ్లినవానికి ఇంటిపేరు, గోత్రం మారిపోతాయని పల్లెటూళ్లో చదువురానివారికి కూడా తెలుసు.  మరి దేవుని ఇంటికి దత్తత వచ్చినవారు పెళ్లి సంబంధం దగ్గరకు రాగానే క్రైస్తవుల్లో ఏ కులం అని ఎందుకు అడుగుతున్నారు? ఆ అడగడమే పెంచుకున్న బిడ్డ దాకా వచ్చింది.

మత్తయి సువార్త మొదటి అధ్యాయాన్ని వంశావళి కదా అని దాటవేస్తాం. అందులో యేసు దావీదు వంశస్థుడని చూపే వరుస యోసేపు గుండా వస్తుంది. యోసేపు ఆయనను కన్నవాడు కాడు. దూత చెప్పినట్టు బిడ్డకు పేరు పెట్టి తనవాడిగా స్వీకరించాడు. రక్తం లేనిదే బిడ్డ కాడనేవారు ఆ పేజీ ముందు ఏమంటారు?

చట్టం సంగతి కూడా సంఘాలకు తెలియాలి. హిందూ దత్తత చట్టం (1956) క్రైస్తవులకు వర్తించదు. అందువల్ల చాలాకాలం మనవారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగానే ఉండాల్సి వచ్చింది. ఎంత ప్రేమగా పెంచినా ఆ బిడ్డకు వారసత్వ హక్కు దానంతట అది వచ్చేది కాదు. 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ దారి తెరిచాయి. ఏ మతస్థులైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. 2015 చట్టం ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ తల్లిదండ్రుల బిడ్డే. 2021 సవరణ తర్వాత ఆ ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు.

ఇది తెలియక ఏ నర్సింగ్‌హోం ఆయా ద్వారానో బిడ్డను తెచ్చుకునే దంపతులు ఇప్పటికీ ఉన్నారు. అది నేరం. 'కారా' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని వేచి ఉండమని చెప్పేవారు వారికి కావాలి. పాస్టరుగారే ఆ మాట చెప్పవచ్చు. ఆ నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి సంఘం వారి కోసం పేరుపెట్టి ప్రార్థించవచ్చు. బిడ్డ ఇంటికి వచ్చాక, సంఘం రిజిస్టరులో తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు రాసి, పక్కన బ్రాకెట్లో ఇంకేమీ రాయకుండా వదిలేయవచ్చు.