మత్తడి మీద బస్తాలు పెట్టే ముందు ఒక్కమాట

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకుని చదవండి. నచ్చితే మీ ఊరి గ్రూపుల వేయండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి.

ఏటా ఉత్తర, హస్త కార్తెలు వచ్చేసరికి మన ఊర్లల్ల ఒక పని జరుగుతది. చెరువు నిండి మత్తడి దుంకుతది. నీళ్లు ఊరికే పోతున్నయని ఆయకట్టు రైతులు నలుగురు కలిసి ఇసుక బస్తాలు పేరుస్తరు. అడుగు నీళ్లు ఎక్కువ ఆగితే యాసంగిల రెండు తడులు ఎక్కువ అందుతయని ఆశ. ఇంకోదిక్కు చేపలు పట్టుకునేటోళ్లు చేప దిగువకు పోకుండా మత్తడికి అడ్డం జాలీలు, వలలు కడతరు. ఆ వలకు తుంగ, గుర్రపుడెక్క, చెట్ల కొమ్మలు చుట్టుకుంటే అది కూడా ఒక గోడే. ఈ రెండు పనులు బంద్ కావాలె. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మనం చెరువును నీళ్లు దాచుకునే గాబు లెక్క చూస్తున్నం. కానీ చెరువు కట్టకు ఇంకో పని ఉన్నది, అది వరదను ఆపే కట్ట కూడా. పైన పడ్డ వాన ఒక్కసారే కింది ఊరి మీద పడకుండ కట్ట దాన్ని పట్టుకుంటది, మత్తడి మెల్లగ వదులుతది. మత్తడికీ కట్ట పైభాగానికీ మధ్య మన పెద్దలు వదిలిపెట్టిన నాలుగైదు అడుగులు ఖాళీ జాగ కాదు. అది వరదకు విడిచిన తొవ్వ.

ఒక లెక్క చెప్త. ఎకరం మీద గంటకు అంగుళం వాన పడి అంతా పారితే దాదాపు ఒక క్యూసెక్కు అయితది. ఒక చిన్న చెరువుకు పైనుంచి వెయ్యి ఎకరాల నీళ్లు వస్తయనుకుందాం. గంటకు అంగుళం వాన దంచికొడితే, సగం భూమిల ఇంకినా 500 క్యూసెక్కులు చెరువులకు దిగుతయి. ఇప్పుడు మత్తడి చూడండి. పొడవు 30 అడుగులు, దానికంటే కట్ట 4 అడుగుల ఎత్తు అనుకోండి. కట్టకు ఒక అడుగు వదిలేసి, మత్తడి మీద 3 అడుగుల మందం నీళ్లు పారితే సుమారు 470 క్యూసెక్కులు పోతయి. మనం అడుగు ఎత్తు బస్తాలు పెట్టినమనుకోండి, పారేది 2 అడుగులే. అప్పుడు పోయేది సుమారు 255 క్యూసెక్కులు. అడుగు బస్తాలకు మత్తడి బలం దాదాపు సగం పడిపోయింది! మందం తగ్గినకొద్దీ పారకం అంతకంటే ఎక్కువ తగ్గుతది, నీళ్ల లెక్క అట్లుంటది. వచ్చేది 500, పోయేది 255. మిగిలిన 245 ఎటు పోవాలె? కట్ట మీదికే ఎక్కుతది.

కొందరు "తూము ఎత్తుదాం, నీళ్లు దిగుతయి కదా" అంటరు. అది కూడా లెక్క వేద్దాం. నీళ్లు పరుచుకున్న జాగ 100 ఎకరాలైతే, ఒక అడుగు నీళ్లంటే 43 లక్షల ఘనపుటడుగులకు పైనే. తూముల నుంచి 5 క్యూసెక్కులు పోయినా రోజుకు 4 లక్షల 32 వేలే పోతయి. అంటే ఆ ఒక్క అడుగు దిగడానికి పది రోజులు కావాలె. వరద పది రోజులు ఆగదు, ఒక్క రాత్రిల వస్తది. ఆ రాత్రి మనల్ని కాపాడేది మత్తడి ఒక్కటే.

మట్టి కట్ట గుణం మనకు తెలుసు. రాతి గోడ మీదినుంచి నీళ్లు దుంకినా కొన్ని గంటలు నిలబడుతది. మట్టి కట్ట మీదినుంచి పారితే దిగువ వాలు మట్టి ముందు కోసుకపోతది, కోత పైకి పాకుతది, గండి పడుతది. ఒకసారి గండి పడ్డంక దాన్ని ఆపే మొగోడు లేడు.

పెద్ద కట్టల సంగతే చూడండి. 2021 నవంబర్ 19 తెల్లారుజామున కడప జిల్లాల చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకపోయింది. దానికంటే ముందే పైనున్న పింఛ ప్రాజెక్టు దగ్గర కట్ట తెగింది, ఆ నీళ్లు కూడా వచ్చి దీని మీద పడ్డయి. గేట్లల్ల ఒకటి పని చేయలేదు. కింద పులపుత్తూరు, మందపల్లి అసొంటి ఊర్లు నిద్రల ఉండంగనే మునిగినయి. మనుషులు పోయిన్రు, గొడ్లు పోయినయి, పొలాలల్ల ఇసుక మేటలు పడ్డయి. ఇక మన దగ్గర 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్టకు గండి పడ్డది. కట్ట తెలంగాణల ఉన్నా, మునిగింది కింద ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊర్లు. నీళ్లకు జిల్లా తెల్వదు, రాష్ట్రం తెల్వదు.

మన చెరువులు ఇంకా చిన్నయి కదా అనకండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి కింది చెరువుల పడుతది. పైది తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింది కట్టకు తగులుతయి, అది తెగితే దాని కిందిది. పింఛ, అన్నమయ్య కథ ప్రతి వాగు మీద చిన్నగ జరిగేదే. కాబట్టి మన మత్తడి మీది బస్తా మన ఊరి సొంత ముచ్చట కాదు. కింది ఊరోళ్ల నెత్తి మీద పెట్టిన బస్తా అది.

సర్కారు చూసుకుంటది అంటరా? 2021 డిసెంబర్‌ల డ్యాం భద్రత చట్టం వచ్చింది. అది 15 మీటర్లు దాటిన డ్యాంలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడుగుల, నిల్వల పెద్దయైన వాటికి. మన ఊరి కట్టలు చాలామటుకు 10 మీటర్లు కూడా ఉండవు. అంటే ఆ చట్టం కన్ను మన కట్ట మీద లేదు. నీటిపారుదల శాఖ ఏఈ సారుకు ఎన్నో చెరువులుంటయి, వాన రాత్రి అన్నిటి కాడికి పోలేడు. ఒకప్పుడు నీరటి ఉండేటోడు. తూము, మత్తడి, కట్ట అతని చేతుల ఉండేవి. నీరటి పోయినంక ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. మనమే మిగిలినం.

మన పాతోళ్లకు ఈ తెలివి మస్తుండె. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించిండు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని. ఆ శాసనంల మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెక్కించిన్రు. కట్టనుంచి నీళ్లు కారుడు ఒక దోషం. తక్కువ జాగకు ఎక్కువ నీళ్లు చేరుడు ఇంకో దోషం. మనం బస్తాలు పెట్టి తెచ్చుకుంటున్నది ఆ రెండో దోషమే కదా!

"యాసంగికి నీళ్లు చాలకపోతే నువ్విస్తవా?" అని మీరు అడుగుతరు. న్యాయమైన మాటే. తూము చివర ఉన్న మడికి ఏప్రిల్‌ల ఒక్క తడి ఎంత విలువో పొట్టకొచ్చిన వరి ఎండినోడికే తెలుస్తది. అందుకే నీళ్లు తక్కువ దాచుకోమని అంటలేను. పైకి కాదు, కిందికి దాచుకుందాం. మిషన్ కాకతీయ 2015ల మొదలైనప్పుడు మన ట్రాక్టర్లల్ల ఒండ్రు మోసుకుని పొలాలకు తోలుకున్నం. తర్వాత చాలా ఊర్లల్ల మళ్లీ పూడిక పట్టించుకున్నోళ్లు లేరు. పూడిక అడుగు తీస్తే అడుగు నీళ్లు ఎక్కువ ఆగుతయి, కట్టకు భయముండదు, మడికి ఎరువు మిగులుతది. బస్తాల అడుగు ఒక్క రాత్రిల పోతది, పూడిక తీసిన అడుగు ఏండ్లకేండ్లు ఉంటది. కాకపోతే కట్ట కాళ్ల దగ్గర, తూము దగ్గర తవ్వొద్దు.

ఇక మనం చేయాల్సినయి నాలుగు ముక్కల్ల చెప్త.

రోహిణి కార్తెలనే కట్ట ఈ కొసనుంచి ఆ కొసదాక నడవాలె. సర్కారు తుమ్మ పొదలు కొట్టాలె, లేకపోతే ఎలుక బొక్కలు, పాము పుట్టలు కనబడవు. పెద్ద చెట్టును మాత్రం మనకు మనమే వేళ్లతో పెకిలించొద్దు, గుంత పడి కట్ట గుల్లయితది. ఇంజనీరును అడిగి చేయాలె. గడ్డి ఉండనీయండి, గడ్డి కట్టకు చర్మం.

రెండోది, కట్ట వెనుక తడి కనబడితే నీళ్ల రంగు చూడండి. తేట నీళ్లు మెల్లగ ఊరితే కన్నేసి ఉంచాలె. బురద నీళ్లు వస్తే లోపల మట్టి కొట్టుకపోతున్నట్టే, బుంగ పడుతున్నట్టే. వచ్చే కాడ జిగట మట్టి కొట్టి మూస్తే నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తయి. దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగ పేర్చి, లోపల ఇసుక, కంకర పోస్తే నీళ్లు వస్తయి గాని మట్టి ఆగుతది. బస్తాలకు సరైన జాగ అది, మత్తడి కాదు. వెంటనే ఏఈకి, తహసీల్దారుకు ఫోన్ చేయాలె.

మూడోది, మత్తడి కింది వాగు. దాన్ని దున్నుకుని మడి చేసుకున్నోళ్లు ప్రతి ఊర్ల ఉన్నరు. మత్తడి ఎంత బాగున్నా కింద తొవ్వ లేకపోతే నీళ్లు వెనక్కి తన్ని కట్ట అడుగునే కోస్తయి. పేర్లు రాయను, ఎవరికి వాళ్లకు తెలుసు.

నాలుగోది, వాన రాత్రి ఇద్దరిద్దరు వంతులేసుకుని కట్ట మీద ఉండాలె. కింది ఊరోళ్ల నంబర్లు నలుగురివన్నా మన ఫోన్‌ల ఉండాలె. అరగంట ముందు ఫోన్ పోతే పిల్లల్ని, గొడ్లను మెరకకు తోలుకుంటరు.

చేపల సొసైటీ అన్నలకు కూడా ఒక మాట. మీ నష్టం నష్టమే, కాదనను. జాలీ కట్టేదుంటే మత్తడి మొకాన కాదు, దూరంగ చెరువు లోపల కట్టండి, చెత్త రోజూ తీయండి. పెద్ద వాన సూచన ఉన్ననాడు ఎవరూ చెప్పకముందే విప్పండి.

ఈ మాట గ్రామసభల పెట్టి తీర్మానం రాయించుకోవాలె: మత్తడి మీద ఎవరూ ఏదీ పెట్టొద్దని. వాన పడంగ కొట్లాడుకునే కంటే ఎండకాలంల మాట్లాడుకునుడు నయం. మా ఊర్ల ఈసారి గ్రామసభకు నేను ఈ కాగితం రాసుకుని పోతున్న. మీ ఊర్ల ఎవరు తీసుకపోతరో మీరే చూసుకోండి.