విమానం ‘అటక్‌రా’ అంటే కార్డు మార్చడమేనా?



మన ఇళ్లల్లో ఈమధ్య ఒక కొత్త ఫిర్యాదు వినిపిస్తోంది. “అబ్బా, ఫ్లైట్ సిమ్యులేటర్ అటక్‌రా. గ్రాఫిక్స్ కార్డు బదల్‌నా పడ్తా.” ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కంప్యూటర్లో ఇంగ్లీషు మాట్లాడే మన నెల్లూరు పిల్లలు స్క్రీన్ మీద విమానం నడుపుతున్నారు. చూడముచ్చటగా ఉంటుంది. మబ్బులు, సముద్రం, రన్‌వే అన్నీ నిజంలాగే కనిపిస్తాయి. కాకపోతే బొమ్మ మధ్యమధ్యలో ఆగుతుంది, ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. సరిగ్గా దిగబోయే సమయానికి అటక్ అవుతుంది. పిల్లవాడు విసుక్కుంటాడు. తెలిసినవాళ్లని అడిగితే “కార్డు పాతదైపోయింది” అంటారు. అక్కడి నుంచి మాట నేరుగా పైసల మీదికి వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ మర్జ్‌కి చాలాసార్లు వజహ్ గ్రాఫిక్స్ కార్డు కాదు. తహ్కీఖ్ చేయకుండా కొత్త కార్డు కొనడం ఇస్రాఫ్. అలాగని “ఆటలు చాలు, బంద్ చెయ్” అని కసురుకోవడమూ సరైన జవాబు కాదు. హకీమ్ సాబ్ నబ్జ్ పట్టుకోకుండా దవా ఇవ్వడు. మనమూ ముందు నబ్జ్ చూడాలి.

అసలు ఈ అటకడం అంటే ఏమిటి? స్క్రీన్ మీద కదిలే దృశ్యం ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మల వరుస. సెకనుకి 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకి దొరికే వక్త్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్లు. అన్ని బొమ్మలూ టైముకి వచ్చి, ఒక్కటి మాత్రం 100 మిల్లీసెకన్లు తీసుకుంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. కానీ స్క్రీన్ మూలన కనిపించే సగటు అంకె పెద్దగా మారదు. నెల్లూరు నుంచి మైపాడుకి ఆటోలో వెళ్తూ డ్రైవరు కిలోమీటరుకోసారి సడన్ బ్రేకు వేశాడనుకోండి. సగటు వేగం బాగానే ఉంటుంది, నడుము మాత్రం విరుగుతుంది. కాబట్టి “నాకు 50 వస్తున్నాయి, అయినా అటక్‌రా” అని పిల్లవాడు అంటే అబద్ధం చెప్పడం లేదు. వాడు చూడాల్సింది సగటు కాదు, ఒక్కో బొమ్మకి పట్టే సమయం.

ఇక కార్డే దోషి ఎందుకు కాకపోవచ్చో చూద్దాం. దావత్‌లో దేగ్ దగ్గర వండే బావర్చీ ఒక్కడే ఉండి, దస్తర్‌ఖాన్ దగ్గర వడ్డించేవాళ్లు పదిమంది ఉంటే ఏమవుతుంది? వడ్డించేవాళ్లు ఖాళీ ప్లేట్లతో నిలబడతారు. అక్కడ ఇంకో పదిమందిని పెట్టినా మెహమాన్ల ఆకలి తీరదు. కంప్యూటర్లో ప్రాసెసర్ ఆ బావర్చీ, గ్రాఫిక్స్ కార్డు వడ్డించేవాడు. మామూలు తుపాకీ ఆటల కన్నా ఫ్లైట్ సిమ్యులేటర్లో వంట పని చాలా ఎక్కువ. రెక్క మీద గాలి లెక్క, వాతావరణం, కింద కనిపించే నేల, భవనాలు, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, కాక్‌పిట్‌లోని మీటర్లు, ఇవన్నీ ప్రాసెసర్ సిద్ధం చేయాలి. పైగా ఇందులో పెద్ద భాగం ఒకే దారంలో, ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తుంది. ఆ దారం అలసిపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అది ఖాళీ ప్లేటు పట్టుకుని ఎదురుచూడాల్సిందే.

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ డిస్‌ప్లే పెడితే, అడ్డం పడుతున్నది మెయిన్ థ్రెడ్డా, జీపీయూనా అని అదే రాసి చూపిస్తుంది. ఎక్స్‌ప్లేన్ వాడేవాళ్లకి డేటా అవుట్‌పుట్‌లో ఫ్రేమ్ రేట్ టిక్ పెడితే సీపీయూ సమయం, జీపీయూ సమయం విడివిడిగా కనిపిస్తాయి. విండోస్ టాస్క్ మేనేజర్ అయితే అందరి దగ్గరా ఉంది. అటకే సమయంలో జీపీయూ వాడకం 60 శాతం దగ్గరే ఉంటే కార్డు ఖాళీగా ఉందని అర్థం. ఆ స్థితిలో కొత్త కార్డు కొంటే ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది, అంతే.

మన తీరంలోనే చేసుకోదగ్గ ఒక ఇమ్తిహాన్ చెబుతాను. సిమ్యులేటర్లో చెన్నై మీనంబాకంలో టేకాఫ్ తీసుకుని తీరం పట్టుకుని ఉత్తరానికి రండి. పులికాట్ సరస్సు, శ్రీహరికోట, కృష్ణపట్నం పోర్టు దాటి మైపాడు మీదుగా సముద్రం వైపు తిరగండి. చెన్నై భవనాల మీద అటక్ అయి, మైపాడు దగ్గర నీళ్ల మీద సాఫీగా నడిస్తే అనుమానం ప్రాసెసర్, ర్యామ్ మీదికి పోవాలి. రెండుచోట్లా ఒకేలా నెమ్మదించి, దట్టమైన మబ్బుల్లోకి వెళ్తే మరీ మొరాయిస్తే అప్పుడు కార్డుని అనుమానించవచ్చు. కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఒక్క కుదుపు వస్తుంటే ఇంటర్నెట్ చూడాలి. మొదటి 20 నిమిషాలు బాగా నడిచి తర్వాత పాడైతే అది వేడి. ఒక్క ప్రయాణంలో నాలుగు జవాబులు.

జవాబు తెలిశాక ఇలాజ్ సులువు. ముందు తేలికైనవి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, వెనక మదర్‌బోర్డుకి పెట్టారా చూడండి. నవ్వకండి, కార్డు కొనిచ్చిన ఇళ్లల్లోనే ఈ పొరపాటు జరుగుతుంటుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే నడపాలి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆటకి పెద్ద కార్డునే కేటాయించాలి.

ప్రాసెసర్ అలసిపోతుంటే టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ తగ్గించాలి. ట్రాఫిక్ తగ్గించాలి. కాక్‌పిట్ గ్లాస్ డిస్‌ప్లేల రిఫ్రెష్ తగ్గించాలి. కార్డు అలసిపోతుంటే రెజల్యూషన్, రెండర్ స్కేలింగ్, మబ్బుల నాణ్యత తగ్గించాలి. కార్డులోని మెమరీ నిండిపోతుంటే టెక్స్‌చర్లు ఒక మెట్టు దించాలి. అది నిండితే కార్డు మామూలు ర్యామ్ మీద ఆధారపడుతుంది, అక్కడే కుదుపు మొదలవుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం ఫ్రేములకి హద్దు పెట్టడం. ఒకసారి 55, ఒకసారి 35 వచ్చే కంప్యూటర్ని 30 దగ్గర కట్టేస్తే కంటికి ఎంతో హాయిగా ఉంటుంది. నిదానంగా వెళ్లే విమానానికి అది చాలు. ఎక్కువ కావాలన్న హిర్స్ తగ్గితే సుకూన్ దానంతటదే వస్తుంది, కంప్యూటర్లోనూ అంతే.

ర్యామ్ సంగతి కూడా చూడాలి. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి కనీసం 8 జీబీ అన్నారు, 16 ఉంటే మంచిదన్నారు. 2024 నవంబరులో వచ్చిన కొత్తదానికి కనీసమే 16, సిఫారసు 32. 8 జీబీ ఒకే కర్రతో నడిచే మెషీన్లో కార్డు మార్చే బదులు, జత కుదిరే ఇంకో కర్ర వేస్తే తేడా కనిపిస్తుంది. ఇంటర్నెట్ విషయంలోనూ పాతదానికి 20 ఎంబీపీఎస్ సిఫారసు అయితే కొత్తదానికి 50. ఒక గదిలో నానీ యూట్యూబ్‌లో బయాన్ వింటూ, ఇంకో గదిలో చెల్లి ఆన్‌లైన్ క్లాసులో ఉంటే నేల బొమ్మలు ఆలస్యంగా రావడంలో వింత లేదు. రోలింగ్ క్యాష్‌ని ఎస్ఎస్‌డీలో పెట్టుకుంటే కొంత ఊరట. డ్రైవర్ అప్‌డేట్ చేసిన రోజు మొదటి ఒకటి రెండు ప్రయాణాలు అటక్ కావడం మామూలే. షేడర్లు మళ్లీ తయారవుతుంటాయి. కాస్త సబర్ చేయండి, వెంటనే పాత డ్రైవర్‌కి పరిగెత్తకండి.

మన ఊరికి సంబంధించిన వజహ్‌లు ఇంకా ఉన్నాయి. ఎండాకాలం నెల్లూరులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మనకి తెలిసిందే. గది వేడెక్కితే కార్డూ, ప్రాసెసరూ తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అవి పాడైపోవడం లేదు, ఉక్కపోతకి కూర్చుండిపోతున్నాయి. అయినా మన ఇళ్లల్లో కంప్యూటర్ని టేబుల్ లోపలి అరలో గోడకి ఆనించి పెడతాం. దుమ్ము పడకూడదని పైన గుడ్డ కప్పుతాం. ఆపేసి ఉన్నప్పుడు కప్పండి, నడిచేటప్పుడు తీసేయండి. కృష్ణపట్నం, మైపాడు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఉప్పుగాలి బాధ అదనం. తేమా ఉప్పూ కలిస్తే లోహపు కాంటాక్టులు మెల్లగా తుప్పు పడతాయి. కిటికీ పక్కన కేబినెట్ పెట్టకండి. కొన్ని నెలలకోసారి కరెంటు తీసేసి, ఫ్యాన్లు తిరగకుండా పట్టుకుని, బ్లోయర్‌తో దుమ్ము ఊదించండి. కరెంటు హెచ్చుతగ్గుల గురించి కూడా ఒక మాట. వాటివల్ల కంప్యూటర్ ఠక్కున ఆగిపోవచ్చు, రీస్టార్ట్ కావచ్చు. బొమ్మ అటకడానికి మాత్రం స్టెబిలైజర్ దవా కాదు.

ఇవన్నీ చూశాక కూడా జీపీయూ వాడకం 98, 99 శాతం దగ్గరే ఉంటే, రెజల్యూషన్ తగ్గించగానే సాఫీ అయితే, అప్పుడు కార్డు నిజంగానే చిన్నది. జేబు ఒప్పుకుంటే కొనండి, అందులో తప్పేం లేదు. నేను ఖర్చుకి వ్యతిరేకిని కాను. అంధేరాలో ఖర్చుకి వ్యతిరేకిని.

ఎందుకంటే మన ఇళ్లల్లో ఈ పైసలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పిల్లలకి తెలియాలి. కువైట్‌లోనో జెద్దాలోనో డ్రైవింగ్ చేసే అబ్బా పంపింది కావచ్చు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉన్నవారి జీతం కావచ్చు. ఆ హలాల్ కమాయీ ఒక అమానత్. దాన్ని అనుమానం మీద ఖర్చు పెట్టకూడదు. ఖిస్తుల మీద కొంటే ఇంకో ప్రశ్న ముందుకొస్తుంది. అందులో సూద్ ఉందా లేదా? “నో కాస్ట్” అని రాసినంత మాత్రాన సరిపోదు, షరతులు చదివి మీకు నమ్మకమైన ఆలిమ్‌ని అడగండి. ఒక ఆటలోని కుదుపు పోగొట్టడానికి ఇంట్లోకి రిబా తెచ్చుకుంటే అంతకన్నా నుక్సాన్ ఏముంది?

తహ్కీఖ్ మనకి కొత్త మాట కాదు. ఎవరైనా ఖబర్ తెస్తే నిజమా కాదా తేల్చుకోమని సూరె హుజురాత్‌లో తాకీదు ఉంది. “కార్డు పోయింది” అనేదీ ఒక ఖబరే. ఎగరడం గురించి మన తారీఖ్‌లోనే ఇంకో ముచ్చట ఉంది. 9వ శతాబ్దంలో కార్డోబాకి చెందిన అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని ఎగరడానికి ప్రయత్నించాడని చరిత్రకారుడు అల్ మక్ఖరీ రాశాడు. కొంత దూరం ఎగిరాడు, దిగేటప్పుడు దెబ్బ తగిలింది. పక్షి దిగడానికి తోక వాడుకుంటుందన్న సంగతి మరిచిపోయాడని ఆ కథనం. లోపం తోకలో ఉంటే, ఇంకా పెద్ద రెక్కలు కట్టుకోమని ఎవరైనా మష్వరా ఇస్తే ఏం లాభం?

“ఇదంతా సరే, ఈ ఆట వల్ల ఫాయిదా ఏముంది?” అని అడిగే పెద్దలకి నా జవాబు. ఇంటి సిమ్యులేటర్ గంటలు పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకి నిజమైన విమానంలో 200 గంటలు ఎగరాలి, దానికి లక్షలకి లక్షలు కావాలి. కాబట్టి కార్డు కొంటే పైలట్ అవుతాడన్న భ్రమ వద్దు. కానీ హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సల్వా ఫాతిమా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో నేర్చుకుని కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించింది. ఖ్వాబ్‌ని మొదట్లోనే నొక్కేయకూడదు. నెల్లూరుకి ఇంకా ప్రయాణికుల విమానాశ్రయం లేదు. విమానం ఎక్కాలంటే చెన్నై లేదా రేణిగుంట పోవాల్సిందే. మన పిల్లలకి కాక్‌పిట్ లోపల చూసే దారి ప్రస్తుతానికి ఈ స్క్రీన్ ఒక్కటే. ఖరీదైన ఆటలు కుదరని ఇంట్లో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్ ఉంది. నమాజ్ వేళలకీ చదువుకీ అడ్డం రాకుండా నడిపితే అభ్యంతరం దేనికి? బేటాకి ఇచ్చిన సీటు బేటీకి కూడా ఇవ్వండి.

పైలట్ కాకపోయినా పర్వాలేదు. ఏ యంత్రమైనా మొరాయిస్తే కొలిచి, ఒక్కొక్కటే మార్చి చూసి, అసలు వజహ్ పట్టుకునే అలవాటు వస్తే చాలు. ఆ హునర్‌తో మెకానిక్ అవ్వొచ్చు, ఇంజినీరు అవ్వొచ్చు, డాక్టరూ అవ్వొచ్చు.

అందుకని అబ్బాలకీ అమ్మీలకీ నా గుజారిష్ ఒక్కటే. ఈసారి పిల్లలు కార్డు అడిగితే అవునని గానీ కాదని గానీ వెంటనే అనకండి. మూడు అంకెలు కాగితం మీద రాసుకు రమ్మనండి. అటకే సమయంలో జీపీయూ వాడకం ఎంత, ప్రాసెసర్‌కి ఒక్కో బొమ్మకి పడుతున్న సమయం ఎంత, కార్డు వేడి ఎంత. ఆ మూడూ తెచ్చి వజహ్ చూపించిన పిల్లవాడితో కూర్చుని పైసల సంగతి మాట్లాడండి. చాలా ఇళ్లల్లో ఆ కాగితం నిండేలోపే విమానం సాఫీగా నడుస్తుంది, ఇన్షా అల్లాహ్.