తన్నకండి మహాప్రభో!

సంక్రాంతికి మా భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో కోడిపందేలు కాక మరో వేడుక కూడా జరుగుతుంటుంది. హైదరాబాదు నుంచీ, బెంగుళూరు నుంచీ, అమెరికా నుంచీ దిగిన పిల్లలంతా చేరి పాకలో మూలనున్న తాతగారి బుల్లెట్టును బయటికి ఈడుస్తారు. దుమ్ము దులిపి, టైర్లకు గాలి కొట్టి, ట్యాంకులో లీటరు పెట్రోలు పోసి, ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది, హెడ్ లైటుకు పసుపూ కుంకుమా పెట్టి, కిక్కు రాడ్డు మీద నిలబడతారు. పదో తన్నుకో పదిహేనో తన్నుకో అది దగ్గి, పొగ కక్కి, మొదలెడుతుంది. ఇక ఈలలు, చప్పట్లు, వీడియోలు. "చూశారా, ఇరవయ్యేళ్ళైనా చెక్కు చెదరలేదు! పాత ఇనుమంటే అదీ!"

ఈ టపా ఆ ఈలలకు వ్యతిరేకంగా రాస్తున్నది. మనసు నొచ్చుకునే మిత్రులు మన్నించాలి. 2019 సంక్రాంతికి నేనూ అలాగే ఈల వేశాను కనుక, ఆ మాట అనే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను.

మాది 1974 నాటి బుల్లెట్టు, 350 సీసీ. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి తయారీ. నాన్నగారు ఉండి దగ్గర ఒక రైసు మిల్లు చూసుకునే రోజుల్లో దానిమీదే తిరిగేవారు. 2001లో నడుం నొప్పి వల్ల మానేసి పాకలో పెట్టారు. పద్దెనిమిదేళ్ళ తరువాత మేం తన్నేరోజున ఆయన అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క మాట అన్నారు: "ఒరేయ్, మిల్లు ఒక సీజను ఆగితేనే బేరింగులు చూడకుండా నేను బెల్టు వేసేవాణ్ణి కాదు. అది పద్దెనిమిదేళ్ళు ఆగింది." పెద్దాయన చాదస్తం అనుకున్నాం. ఏడో తన్నుకు బండి పలికింది. మూడు వారాలు భీమవరం వీధులన్నీ తిరిగాను. నాలుగో వారం ఇంజను అడుగు నుంచి ఒక చప్పుడు మొదలైంది, ఎవరో లోపల కూర్చుని చిన్న సుత్తితో కొడుతున్నట్టు. ఆ కిక్కుకు నేను చెల్లించిన మూల్యం ఒక క్రాంక్ పిన్నూ, ఒక కనెక్టింగ్ రాడ్డూ. రెండూ 1974లో ఆ బండితో పుట్టినవే.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పకుండా తిట్టిపోయడం అన్యాయం. పాత బుల్లెట్టు క్రాంకు మూడు ప్రధాన బేరింగుల మీద తిరుగుతుంది: చెయినువైపు ఒక బాల్ బేరింగు, ఒక రోలర్ బేరింగు, టైమింగువైపు ఒక రోలర్ బేరింగు. వీటికి నూనె చిమ్మితే చాలు. కనెక్టింగ్ రాడ్డు పెద్దకన్నులో మాత్రం గుళ్ళూ లేవు, రోలర్లూ లేవు. అక్కడ ఉన్నది ఫ్లోటింగ్ బుష్షు. అది పిన్నుకూ అతకదు, రాడ్డుకూ అతకదు. రెండింటి మధ్యా నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ దానికి తిరుగులేదు. పొర లేకపోతే లోహం లోహాన్ని గీరడమే.

ఇప్పుడు దాన్ని మన డెల్టా గాలిలో పద్దెనిమిదేళ్ళు నిలబెట్టండి. ఇక్కడి గాలిలో తేమ సంగతి ఇనుప కిటికీ ఊచలున్న ఏ ఇంటివారిని అడిగినా చెబుతారు. రేసు మీద గుండు ఆనిన చోట నూనె మెల్లగా జారిపోతుంది, తేమ చేరుతుంది, ఎప్పుడో కాలిన పెట్రోలు వదిలిన ఆమ్లం దానికి తోడవుతుంది. గుండుకూ గుండుకూ ఎంత దూరమో సరిగ్గా అంతంత దూరంలో రేసు మీద తుప్పు గుంటలు పడతాయి. మా బండి బేరింగులో వాటిని నా కళ్ళతో లెక్కపెట్టాను. ఈలోగా బుష్షు దాకా వెళ్ళే నూనె దారులు ఆరిపోతాయి. మేం తన్నినప్పుడు ఇంజను మొదట తిరిగింది ఎండిన బుష్షు మీద. పంపు తోసిన నూనె వడపోత దాటి, షాఫ్టు చివరి కన్నంలోంచి, ఫ్లైవీలు గుండా పిన్నును చేరేలోపే గీతలు పడ్డాయి. ఆ తరువాత గుంటల అంచులు రాలి ఇనుప రజను నూనెలో కలిసింది. దాన్ని ఆపవలసిన ఫెల్టు వడపోతను నేను మార్చనే లేదు. అది అట్టముక్కలా గట్టిపడి ఉంది.

అంటే తుప్పు మా కిక్కు వల్ల పట్టలేదు, అది ముందే ఉంది. మా కిక్కు చేసిన ఘనకార్యం ఏమిటంటే, మూడు బేరింగులు మారిస్తే తీరిపోయే జబ్బును రాడ్డు దాకా పాకించడం. "స్టార్టయింది" అన్నమాటకు "బాగుంది" అని అర్థం చెప్పుకున్న మా అజ్ఞానం ఖరీదు అది.

ఇక ప్రతివాదుల మాటకొస్తాను. "నడుస్తున్న ఇంజన్ని కెలక్కూడదండీ, ఆయ్" అన్నాడు నేను మొదట చూపించిన మెకానిక్కు. ఆ మాట ఆయనొక్కడిదే కాదు, పాత బళ్ళ ప్రియులందరికీ అదొక వేదవాక్యం. విచిత్రమేమిటంటే ఈ సిద్ధాంతం మా ప్రాంతంలో ఇంకే యంత్రానికీ వర్తించదు. రొయ్యల చెరువులో ఏరియేటరు కాస్త కూత మార్చిందంటే, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందన్న భయంతో అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో బేరింగు మారుస్తారు. మిల్లులో షాఫ్టు వేడెక్కితే ధాన్యం ఆపి మరీ విప్పుతారు. అక్కడ ఎవరూ "కదిలించకండి, పాత ఇనుము" అనరు. డబ్బు తెచ్చే యంత్రానికి వైద్యం, జ్ఞాపకం మోసే యంత్రానికి దండా! ఇదెక్కడి ప్రేమో నాకు అర్థం కాదు.

అయితే ఆ వేదవాక్యంలో కొంత నిజమూ ఉంది, దాచను. చెడ్డగా విప్పడం కంటే విప్పకపోవడమే మేలు. క్రాంకు రెండు ఫ్లైవీళ్ళనూ పిన్నుతో కలిపి బిగించాక లేతు సెంటర్ల మధ్య పెట్టి, డయల్ గేజితో వంకర చూసి సరిచేయాలి. రెండు థౌలు, అంటే 0.05 మిల్లీమీటరు దాటనివ్వకూడదు. దీన్ని కంటిచూపుతో సరిచేస్తానన్న మహానుభావులనూ చూశాను. అటువంటివారి చేతికి ఇవ్వడం కంటే పాకలో ఉంచడమే పుణ్యం. కానీ డెల్టాలో లేతు షాపులకు కరువా? మిల్లులూ, పంపులూ, డీజిలింజన్లూ బతికించిన షాపులవి. నా క్రాంకు సరిచేసిన ముసలాయన జీవితంలో మోటారు సైకిలు తొక్కలేదు. డయల్ గేజి ముల్లు మాత్రం నిలబెట్టాడు.

విప్పినప్పుడు చూడవలసినవేమిటో కూడా చెబుతాను, లేకపోతే ఇదంతా ఉత్త ఉపన్యాసమవుతుంది. పిస్టను పై కొసకు తెచ్చి, రాడ్డును పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగాలి. పక్కకు కాస్త ఊగడం సహజం. నిలువునా "టక్" అన్నదంటే బుష్షు పని అయిపోయినట్టే. బేరింగును కిరసనాయిలులో కడిగి, ఆరనిచ్చి, చేత్తో మెల్లగా తిప్పాలి. గాలి పైపు పెట్టి బొంగరంలా తిప్పకూడదు, నూనె లేని బేరింగుకు అదే చావుదెబ్బ. ఇసుక కలిసినట్టు చేతికి తగిలితే ఇక దాని గురించి చర్చ అనవసరం. రోలర్ బేరింగుల్లో లోపలి రేసు షాఫ్టుతోనే వస్తుంది. దాన్ని మరిచిపోయి రోలర్లు మాత్రం చూసి బాగున్నాయనుకునేవారు చాలామంది. భూతద్దం పెట్టి చూడండి: గుంటలా, నీలిరంగా? నీలిరంగైతే అది ఎప్పుడో కాగిపోయిందని అర్థం.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది సంఖ్యను తోక అక్షరాలతో సహా రాసుకుని వెళ్ళాలి. 6305 అని ఉంటే చివరి 05ను అయిదుతో హెచ్చించండి, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. చివర సీ3 అని ఉంటే లోపల ఖాళీ మామూలుకంటే ఎక్కువ ఉంచారని అర్థం. "రెండూ ఒకటేనండీ" అని కొట్టువాడు చేతిలో పెట్టేది తీసుకోకండి. పెట్టె మీది పేరు చూసి మోసపోకండి కూడా, పెద్ద పేర్లన్నింటికీ నకిలీలున్నాయి.

బిగించేటప్పుడు సుత్తి అవసరం లేదు. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కేసును నూరు డిగ్రీల దాకా వేడిచేస్తే, నీటి చుక్క చుయ్ మనే వేళకు, బేరింగు తన బరువుకే గూట్లో దిగుతుంది. లోపలి రేసు మీద కొట్టి బయటి రేసును దించేవాడు ఆ దెబ్బలన్నీ గుళ్ళ గుండానే పంపుతున్నాడు. కొత్త బేరింగు అక్కడే సగం పాతదవుతుంది. అంతా కూర్చాక కూడా వెంటనే తన్నకూడదు. ప్లగ్గు తీసేసి, రాకర్లకు వెళ్ళే నూనె గొట్టం దగ్గర బోల్టు వదులు చేసి, అక్కడ నూనె కనబడేదాకా ఓపికగా తిప్పాలి. నాకు ఆ నూనె చుక్క కనబడేసరికి చొక్కా తడిసిపోయింది.

మా బండి ఇప్పుడు తిరుగుతోంది. స్టార్టు చేసిన సాయంత్రం నాన్నగారు పొడుగాటి స్క్రూ డ్రైవరు తెమ్మని, దాని కొన క్రాంక్ కేసుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారు, మిల్లులో చేసినట్టే. చాలాసేపు విన్నారు. "టైమింగు వైపు ఇంకొంచెం చూడరా" అన్నారు. మర్నాడు చూశాను; గేరు వరసలో ఒకటి నిజంగానే కాస్త వదులుగా ఉంది.

గుంటలు పడ్డ ఆ పాత బేరింగు నా బల్లమీద కాగితాల బరువుగా ఉంది. ఈసారి సంక్రాంతికి మీ తాతగారి బుల్లెట్టును పాకలోంచి తీసేవారు తన్నే ముందు నన్ను పిలవండి. స్పానర్లూ, ఆ బేరింగూ రెండూ నేనే పట్టుకొస్తాను.